ఐదు గంటలకు వచ్చినవారి కూలి

(మత్తయి సువార్త 20:1–16 చదువుడి)



రుద్రంగి చుట్టుపట్ల కైకిలికి పోవువారికి ఈ ఉపమానమును విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున పొలములో దిగి నడుము వంచినవారికిని, పొద్దు వాలినాక వచ్చి ఒక మునుము పట్టినవారికిని యజమానుడు ఒకే కూలి ఇచ్చెనని చదువగానే మన స్త్రీలు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. "ఇదెక్కడి న్యాయమయ్యగారూ?" అని మమ్మును అడిగినవారును ఉన్నారు. అడుగవలసిన ప్రశ్నయే.

అయితే మొదట వచ్చినవారు పోగొట్టుకొన్నదేమి? ఒక దేనారమునకు ఒప్పుకొనిరి, ఒక దేనారము పుచ్చుకొనిరి. ఆ దినములలో అది ఒకనాటి కూలి. తమకు తక్కువైనదని వారు సణగలేదు, వీరిని మాతో సమానము చేసితివని సణిగిరి. సాయంకాలమువరకు వీధిలో నిలిచినవారు సోమరులు కారు, తమ్మునెవరును పిలువలేదని వారే చెప్పిరి. ఎవరును పిలువనివారెవరో మనకు తెలియదా? ముసలివారు, చేతిలో సత్తువ లేనివారు, చంకలో బిడ్డ ఉన్నవారు. వారి పొయ్యిమీదికిని ఆ రాత్రి గింజలు కావలెను గదా. యజమానుడు గంటలు లెక్కింపక ఆ పొయ్యిని తలచెను.

సణిగినవానిని ఆయన అడిగిన ప్రశ్నలో మన తెలుగు బైబిలు "కడుపుమంట" అను మాట వాడినది. గ్రీకు మూలములో ఉన్నది "చెడ్డ కన్ను" అను మాట. ఇది మనకు క్రొత్త కాదు. క్రొత్త ఇల్లు కట్టినవారు ఇరుగుపొరుగు దిష్టికి భయపడి గుమ్మడికాయ వ్రేలాడదీయుట చూచుచునే ఉన్నాము. ప్రభువు పొరుగువాని కన్నునుగూర్చి అడుగలేదు, మన కన్నునుగూర్చి అడిగెను.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి దుబాయికి, మస్కటుకు పోయినవారు లేని ఊరు అరుదు. ఒకడు డబ్బు పంపి ఇంటికి స్లాబు వేయించును. మరియొకడు అప్పుచేసి ఏజెంటుకు కట్టి, మోసపోయి, వట్టిచేతులతో తిరిగివచ్చును. ఇద్దరి భార్యలును గుడిలో ఒకే చాపమీద కూర్చుందురు. మొదటి ఆమె సాక్ష్యము చెప్పుచుండగా రెండవ ఆమెకు ఆమెన్ గొంతులో ఆగిపోవును. ఆ బాధను మేము తేలికగా ఎంచము. అయితే స్లాబు ఇంటి తల్లి కూడ భర్త ముఖమును ఏండ్లతరబడి ఫోనులోనే చూచుచున్నదనియు, సెలవుమీద వచ్చిన తండ్రిని పిల్లలు చుట్టమువలె చూతురనియు ఓర్వలేని కంటికి ఆనదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. బీడీలు చుట్టు స్త్రీ తనకు రావలసిన కూలి అడిగినప్పుడు "అసూయ వద్దమ్మా" అని ఈ వాక్యము చూపువాడు వాక్యమును పాడుచేయుచున్నాడు. బిగపట్టిన కూలి దేవునికి మొరపెట్టునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసెను. తన కూలి అడుగుట వేరు, ప్రక్కవానికి దొరికినదని ఏడ్చుట వేరు.

మెదకులోని పెద్ద దేవాలయము మనలో అనేకులు చూచినదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి పూనికతో 1914లో మొదలైన ఆ పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠకు వచ్చెను. కరువులో ఆకలిగొన్నవారు అక్కడ పనిచేసి అన్నము తినిరి. ఆ గోడలలో ఏ రాయి బలవంతుడు మోసినదో, ఏది ఆకలితో వణకుచు వచ్చినవాడు మోసినదో నేడెవరు చెప్పగలరు?

ఎవరి మేలు చూచి మీ కడుపు మండుచున్నదో, ప్రభువు బల్లయొద్దకు వచ్చుటకు ముందు వారి పేరెత్తి ప్రార్థించుడి. మొదట పెదవులు మాత్రమే పలుకును, ఫరవాలేదు. తరువాత వారి గడప త్రొక్కుడి. అప్పు తీరని ఇంటివారు ఎవరి గడపకును పోలేమందురేమో. స్లాబు ఇంటి తల్లిని వెంటబెట్టుకొని మేమే మీ ఇంటికి వచ్చెదము. చాయ పెట్టి ఉంచుడి.