బ్రేకు ఎవరి కొరకు?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, రోమీయులకు 6:1-2



దేవుడు మోషేద్వారా ఇశ్రాయేలీయులకిచ్చిన ధర్మశాస్త్రములో మిద్దె యిండ్లనుగూర్చి ఒక చిన్న ఆజ్ఞ యున్నది. ఇల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనియెడల అక్కడనుండి పడి చచ్చినవాని ప్రాణమునకు ఆ యింటివాడే ఉత్తరవాది. ఇంటి యజమానునికి తన మిద్దె అంచు ఎక్కడనో తెలియును. తెలియనిది రాత్రివేళ వచ్చిన చుట్టమునకు, పరుగెత్తి ఆడుకొను పొరుగింటి పసివానికి. కనుక ఆ గోడ ఎక్కువగా ఇతరుల కొరకైనదే. ఈ మాటను మనస్సునందుంచుకొని, నేడొక కారు సంగతి ఆలోచింతము.

ఇంగ్లండు దేశమందు 1959వ సంవత్సరము ఆగస్టు నెలలో 'మినీ' అను చిన్న కారు వెలువడెను. దానిని రూపించినవాడు అలెక్ ఇసిగోనిస్. పొడవు సుమారు 10 అడుగులు, చక్రములు 10 అంగుళములవి, ఇంజను 848 సి.సి. కలది. 2000వ సంవత్సరమున దాని తయారీ ఆగిపోయెను గాని, పాతవాటిని కన్నబిడ్డలవలె సాకుకొనువారు నేటికిని అనేకులున్నారు. వారిలో తరచుగా లేచు ప్రశ్న యొకటి కలదు. పాత కారుకు దాని పాత బ్రేకులనే ఉంచవలెనా? లేక మెరుగైనవి అమర్చవలెనా?

మొదటి మినీ నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులుండెను. పెడలు త్రొక్కగానే బ్రేకు ఆయిలు గొట్టములగుండ ఒత్తిడిని మోసికొనిపోవును. డ్రమ్ము లోపలి రెండు షూలు విచ్చుకొని దాని గోడను ఒరయును. ఆ రాపిడివలన బండి వేగము వేడిగా మారును. దీర్ఘమైన దిగుడులో మరల మరల త్రొక్కినయెడల ఆ వేడి బయటికి పోవుటకు చాలినంత త్రోవ లేక, పట్టు క్రమముగా సడలిపోవును. డిస్కు బ్రేకు అట్లు కాదు. గాలికి తెరచియున్న ఇనుప పళ్లెమును రెండు ప్రక్కల ప్యాడ్లు బిగించి పట్టుకొనును. వేడి త్వరగా ఆరిపోవును.

"తయారుచేసినవాడు ఇచ్చినదానిని మార్చుట తగునా?" అని కొందరందురు. పాతదానిని గౌరవించు ఆ మనస్సు మంచిదే. అయినను తయారు చేసినవారే దానిని మార్చిరి. 1961లో ఎక్కువ బలముగల మినీ కూపర్ వచ్చినప్పుడు ముందు చక్రములకు డిస్కులు పెట్టిరి. 1964లో సామాన్యమైన మినీకి ముందటి డ్రమ్ములను మెరుగుపరచిరి. 1984లో చక్రములను 12 అంగుళములు చేసి, మినీలన్నిటికిని ముందు చక్రములకు 8.4 అంగుళముల డిస్కులు నిచ్చిరి. కనుక బ్రేకు మార్చుట కారునకు ద్రోహము కాదు.

అయితే డ్రమ్ము బ్రేకు గలవాడు పాపియనియు చెప్పరాదు. చక్కగా సరిచేసిన డ్రమ్ములతో, వాటి శక్తిని ఎరిగి, నెమ్మదిగా పోవువాడు నిర్దోషియే. వేగము రెండింతలైనప్పుడు బ్రేకు మ్రింగవలసిన శక్తి నాలుగింతలగును. కాబట్టి అడుగవలసిన ప్రశ్న యిది: నేను పోవు వేగము నేను ఆపగలిగినంతలోనే యున్నదా? ఇంజను బలము పెంచుకొని బ్రేకులను మరచినవాడు, మిద్దెపై మరియొక అంతస్తు లేపి పిట్టగోడ మానినవానితో సమానుడు.

బ్రిటనులో 2018 మే నెలనుండి, 40 ఏండ్లు దాటి, ఎక్కువగా మార్పుచెందని కార్లకు ఏటేట జరుగు తనిఖీ తప్పనిసరి కాదు. బండిని క్షేమముగా ఉంచు బాధ్యతమాత్రము యజమానునిదే. అధికారి చూడడు, అయినను దేవుడు చూచుచున్నాడు. తనిఖీ లేనిచోటనే మనస్సాక్షి పని మొదలగును. గొట్టము పుచ్చినదని నీకు తెలిసి, "ఈ నెల గడువనిమ్ము" అని బండి తీసినయెడల, ఆ నెలలో వీధి దాటు బిడ్డ ప్రాణమును ఆ బిడ్డ తల్లి నడుగకయే పణము పెట్టితివి.

మెరుగుపరచుటయందును జ్ఞానము కావలెను. 8.4 అంగుళముల డిస్కు 10 అంగుళముల చక్రములో పట్టదు. ముందు డిస్కులు పెట్టి, వెనుకకు పోవు ఒత్తిడిని సరిచూడనియెడల, గట్టిగా త్రొక్కినప్పుడు వెనుక చక్రములు ముందుగా బిగుసుకొని బండి తిరిగిపోవచ్చును. మాస్టరు సిలిండరు వాటికి సరిపోవలెను. టైర్లు అరిగియున్న, ఎంత మంచి బ్రేకైనను చక్రమునే ఆపును గాని కారును ఆపజాలదు. మన జీవితమును అట్టిదే. నాలుకను మాత్రము బిగించి కోపమును లోపల పెంచుకొనువాడును ఒకనాడు అడ్డము తిరుగును.

ఇక అన్నిటికంటె లోతైన అపాయమొకటి కలదు. 1980లలో జర్మనీ దేశపు మ్యూనిక్ పట్టణమందు కొన్ని టాక్సీలకు, చక్రములు బిగుసుకొని జారకుండ చేయు ఏ.బి.యస్. బ్రేకులు అమర్చి, కొన్నిటికి అమర్చక, పరిశీలించిరి. మంచి బ్రేకులు గలవారికి ప్రమాదములు తగ్గవలెను గదా? తగ్గలేదు. వారు మలుపులు మరింత దురుసుగా తిరుగుచు, ముందటి బండికి మరింత దగ్గరగా పోవుచుండిరి. కాపాడుటకిచ్చిన దానిని తెగువకు పెట్టుబడిగా చేసికొనిరి.

ప్రియులారా, ఇది మనకు క్రొత్త సంగతియా? అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో సరిగా దీనినే అడుగుచున్నాడు. కృప సమృద్ధిగా నున్నది గనుక పాపములో ఇంకను నిలిచియుందుమా? అట్లనరాదని అతని ఉత్తరము. క్షమాపణ యున్నదిగదా అని ఆదివారము ఒప్పుకొని సోమవారము అదే దారిని పోవువాడు, మంచి బ్రేకుండెనని వేగము పెంచిన టాక్సీవానికి సహోదరుడు. కృప మనకు తెగించుటకు ఇయ్యబడలేదు. నిలిచిపోవుటకు, మరలుటకు ఇయ్యబడినది.

"ప్రార్థన చేసి బయలుదేరితిమి, ప్రభువే కాపాడును" అను మాటయు వినుచున్నాము. ప్రార్థించుడి, తప్పక ప్రార్థించుడి. అయితే నెహెమ్యా ప్రార్థనయు చేసెను, కావలియు ఉంచెను. దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను ప్రేరేపించినప్పుడు మన ప్రభువు దుముకలేదు; తండ్రిని శోధింపలేదు. బ్రేకు సరిగా లేని మోటారు సైకిలుపై ముగ్గురిని ఎక్కించుకొని సిలువ గుర్తు అంటించుకొనుట విశ్వాసము కాదు.

మనకు మినీ కారు లేకపోవచ్చును. స్కూటరున్నది, ఆటోయున్నది, కూలివారిని పొలమునకు తీసికొనిపోవు ట్రాక్టరు ట్రాలీ యున్నది. ఎద్దుబండి తోలిన మన తాతలు దిగుడు రాకముందే పగ్గములు బిగించిరి; దిగుడులో దిగిన తరువాత కాదు. ఈ వారమే మీ బండి బ్రేకు చూపించుడి. దాని ఖర్చు పొరుగువానిని ప్రేమించుటకు పెట్టిన ఖర్చని యెంచుడి. అట్లే మీ కోపమునకు, అప్పునకు, త్రాగుడునకు పగ్గమున్నదో లేదో ప్రభువు సన్నిధిని పరీక్షించుకొనుడి. ఆశానిగ్రహము ఆత్మ ఫలములలో ఒకటి. అడుగువారికి ఆయన అనుగ్రహించును.

ప్రార్థన: ప్రభువా, మేము పరుగెత్తునప్పుడు మా త్రోవలోనున్న బలహీనులను మాకు చూపుము. నిలువవలసినచోట నిలుచు మనస్సును మాకు దయచేయుము. ఆమేన్.