కొమ్మ కొట్టుడు కాలం

చర్ల అవతల ఒక అడవి పల్లెలో వదిన, మరదలు, వాళ్ల మేనమామ ఉండేవారు. వేసవిలో ముగ్గురి చేతుల్లో పడే డబ్బు తునికాకు మీదే. ఆకు కొనే కల్లం తెరిచిన రోజుల్లో యాభై ఆకుల కట్టలు కట్టి కల్లేదారుకు అప్పజెపితే, వానాకాలం విత్తనాలకూ పిల్లల బట్టలకూ ఆ సొమ్మే ఆధారం.

మామకు తొందరెక్కువ. పుష్యమాసం చలిలోనే గొడ్డలి పట్టి తన వాటా పొదలన్నీ మొదలంటా నరికేశాడు. "అందరికంటే ముందు నేనే" అని ఊరంతా చెప్పుకున్నాడు.

వదిన మోదుగ పూసేదాకా ఆగింది. పూలు ఎర్రబడగానే కొడవలి నూరింది.

"ఏందొదినా, కల్లం తెరిచేదెప్పుడో, నీకిప్పుడెందుకీ బాధ? ఆకు రాకుండ పోతదా?" అంది మరదలు నీడపట్టున కూర్చుని.

"ఆకు వస్తది పిల్లా. కల్లేదారు తీసుకునే ఆకు రావాలంటే కొమ్మ కొట్టాలె. కొట్టినంక నెలన్నర పడ్తది."

కల్లం తెరిచారు. మామ పొదల్లో ఆకు అప్పటికే ముదిరి, బీడీ చుడితే పగిలేంత దళసరిగా ఉంది. మరదలి పొదల్లో ఆకు నిండా పురుగు తిన్న బొక్కలు. కల్లేదారు ఇద్దరి కట్టలూ విప్పి చూసి పక్కన పెట్టాడు. వదిన కట్టలు విప్పకుండానే లెక్క రాసుకున్నాడు. మరదలు ఏడ్చుకుంటూ ఆ సాయంత్రమే కొడవలి పట్టింది. ఆమె కొట్టిన కొమ్మకు లేత ఆకు వచ్చేసరికి తొలకరి పడింది, కల్లం ఎత్తేశారు.

ఇక నీతి. ఇది ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలిలో గది అద్దెకు తీసుకుని, "ముందు పరీక్షలు కానీ, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం" అనుకునే నర్సింగ్ విద్యార్థినులకు.

కథలో కల్లం అంటే ఇక్కడ ఉద్యోగ ప్రకటన. తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చి, నవంబరు 23న పరీక్ష పెట్టేసింది. దానికి ముందు 5,204 స్టాఫ్ నర్సు పోస్టుల ప్రకటన వచ్చింది 2022 డిసెంబరులో. అంటే ఒకటి చేజారితే మరొకదానికి దాదాపు రెండేళ్లు ఎదురుచూడాలి. చేజారేది చదవకపోవడం వల్లే అనుకోకండి. ప్రకటన తేదీ నాటికి నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలన్నది షరతు. డిగ్రీ చేతికొచ్చినా కౌన్సిల్ నమోదు లేకపోతే దరఖాస్తుకు అర్హత లేదు.

మరి కొమ్మ ఎప్పుడు కొట్టాలి? బీఎస్సీ అయితే నాలుగో ఏడు, జీఎన్ఎం అయితే మూడో ఏడు మొదలవగానే. దరఖాస్తుల కంటే ముందు కాగితాలు చూసుకోవాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కళాశాల రికార్డులో పేరు ఒక్కలాగే ఉందా? ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. దాన్ని సరిచేయించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆ తిరుగుడు ప్రకటన వచ్చాక కుదరదు. కుల ధ్రువపత్రం సంగతీ అంతే.

ఆ తర్వాత వార్డు. ఇంటర్న్‌షిప్‌లో ఇన్‌చార్జి సిస్టర్‌ను ఉద్యోగం అడగక్కర్లేదు, మనం డ్యూటీ చేసే తీరు ఆవిడ ఎలాగూ చూస్తుంటుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇక్కడ కొత్తవాళ్లను ఏ నెలలో తీసుకుంటారక్కా? ఐసీయూలో వేయాలంటే ఏం నేర్చుకుని ఉండాలి? బాండ్ రాయించుకుంటారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటారా? ఆఖరి ప్రశ్నకు అవునని జవాబొస్తే ఆ ఆసుపత్రి జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

మామలాంటి వాళ్లూ తక్కువేం లేరు. మొదటి ఏడాదిలోనే కోచింగుకు వేలు కట్టేవాళ్లు, రెండో ఏట ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి కూర్చునేవాళ్లు. రోగికి సెలైన్ పెట్టడం సరిగ్గా రాకముందు బట్టీ పట్టిన ప్రశ్నలు పరీక్ష నాటికి గుర్తుండవు. జర్మనీ వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం ఆఖరి ఏడాదే భాష మొదలుపెట్టే సమయం. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ అడుగుతారు, అది నెలల తరబడి పని. విదేశీ ఉద్యోగాలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థే ఉంది, టామ్‌కామ్. ఏజెంటు కంటే ముందు అక్కడ కనుక్కోండి.

అడవి ఊళ్ల పిల్లలకు ప్రత్యేకంగా ఒక లెక్క చెప్పాలి. బోర్డు నియామకంలో రాతపరీక్షకు 80, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు. గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలల సేవకు 2.5, మిగతా చోట్ల 2. అంటే భద్రాచలం వైపు నాలుగేళ్లు చేస్తే మొత్తం 20 వచ్చేస్తాయి, మైదాన ప్రాంతంలో ఐదేళ్లు పడుతుంది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి యూనిఫాం మీద మోజుతో మన ప్రాంతంలో వచ్చిన కాంట్రాక్టు పోస్టును వదులుకునే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

జీఎన్ఎం చేసినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఎయిమ్స్ 2020 నుంచి పెడుతున్న నర్సుల నియామక పరీక్ష నార్సెట్ రాయాలంటే వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఇంటి పక్కనే ఉందని పది పడకల నర్సింగ్ హోమ్‌లో చేరితే ఆ రెండేళ్లూ ఈ లెక్కలోకి రావు. అందుకే మొదటి ఉద్యోగంలో చేరేముందు జీతంతో పాటు పడకల సంఖ్యా అడగండి. మానేసేటప్పుడు అనుభవ పత్రంలో ఆ సంఖ్య, చేరిన తేదీ, వదిలిన తేదీ రాయించుకోండి. తర్వాతెప్పుడో వెళ్తే రాసిచ్చే మనిషి ఆ కుర్చీలో ఉంటారన్న భరోసా లేదు.