పాకం తెలిసిన చేతులు

అనకాపల్లి చుట్టుపక్కల చెరకు గానుగల దగ్గర బెల్లం వండేవారిని చూడండి. పాకం ఎప్పుడు కుదిరిందో వారికి ఏ పుస్తకమూ చెప్పలేదు. మరిగే రసం ముందు పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నారు. నర్సింగ్ విద్యార్థికి నేర్పు వచ్చేదీ అలాగే. చూస్తూ, చేస్తూ, పక్కన ఒకరు సరిదిద్దుతుంటే. అమెరికా నర్సు ప్యాట్రీషియా బెన్నర్ 1984లో వెలువడిన తన పుస్తకంలో ఇదే వివరించారు. కొత్త నర్సు నియమాన్ని పట్టుకుని నడుస్తారు. అనుభవం పండిన నర్సు రోగి ముఖం చూసి, బీపీ పడిపోకముందే, ఏదో తేడా ఉందని పసిగడతారు.

రోగి మీద నేర్చుకోవడమా అని మీరు అడగవచ్చు. ఆ భయం న్యాయమైనదే. అందుకే ముందు ల్యాబులో బొమ్మ చేతికి సూది గుచ్చుతారు. కానీ బొమ్మకు నొప్పి లేదు. బెదురు లేదు. ముసలితనంలో సన్నబడి జారిపోయే నరం లేదు. అవి వార్డులోనే ఎదురవుతాయి. అలాగని వార్డులో వదిలేస్తే చాలదు. మనుషులు తక్కువని విద్యార్థిని కాగితాలు మోయడానికే తిప్పితే ఏళ్లు గడుస్తాయి, నేర్పు రాదు. ఇది విద్యార్థికీ అన్యాయం, రేపటి రోగికీ అన్యాయం. చూస్తూ, చేస్తూ, పక్కన ఒకరు సరిదిద్దుతుంటేనే చెయ్యి తిరుగుతుంది. ఆసుపత్రిలో మీకు సూది వేయబోయేది విద్యార్థి అయితే, పక్కన సిస్టర్ ఉన్నారా అని మెల్లగా అడగండి. ఆ విద్యార్థికి కావలసిందీ అదే.