పూటకూళ్లవాని బాకీ

లూకా 10వ అధ్యాయములోని సమరయుడు గాయములు కట్టి ఊరకుండలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, పైన ఖర్చగుదానికిని తానే పూచీపడెను.

అమెరికాలో 1986 నాటి చట్టము వలన, అత్యవసర విభాగమునకు వచ్చినవానిని దాదాపు ప్రతి ఆస్పత్రియు డబ్బు అడుగకమునుపే పరీక్షించి, ప్రమాదస్థితి తప్పించవలెను. మంచిదే. అయితే ఆ ఖర్చు ఎవరు భరింపవలెనో ఆ చట్టము చెప్పలేదు; బిల్లు రోగి ఇంటికే వచ్చును. 1965లో వృద్ధులకు మెడికేర్, 2010 చట్టముతో మరెందరికో బీమా కలిగినను, 2023లో సుమారు 2 కోట్ల 60 లక్షలమంది బీమా లేకయే యుండిరి. బిల్లుకు జడిసి జబ్బు ముదురువరకు ఓర్చుకొనువారెందరో!

ఒకని జబ్బుకు మరియొకడేల చెల్లింపవలెనని కొందరందురు. దొంగలచేత చిక్కినవాడు ఆ దినమును కోరుకొనెనా? తలుపు తెరచుట సగము కనికరమే. బాకీ పంచుకొనుట మిగిలిన సగము. గాయము చూచి ఆగి, బిల్లు చూచి ప్రక్కగా పోవుదుమా?