ఎలా తెలుసని పెద్దవాళ్ళను అడగొచ్చా?

67 రెండ్లను గుణించి 1 తీసేస్తే 21 అంకెల సంఖ్య వస్తుంది. అది ప్రధాన సంఖ్య అని ఫ్రాన్సు సన్యాసి మెర్సెన్ 1644లో రాశాడు. కాదని 1876లో ల్యూకా నిరూపించాడు గానీ కారణాంకాలు చూపలేదు. 1903లో అమెరికాలో కోల్ చూపించాడు: 193707721, 761838257287. వాటిని గుణించి ఎవరైనా సరిచూసుకోవచ్చు, ఓపిక ఉండాలంతే!

మెర్సెన్ అబద్ధం చెప్పాడని నేననను. మా పెదనాయన కూడా అబద్ధాలాడే మనిషి కాదు. "ఆడపిల్లకు ప్లస్ వన్‌లో లెక్కల గ్రూపు కష్టం" అన్నారు. "మీకెలా తెలుసు పెదనాయనా?" అన్నాను. అమ్మ కోప్పడింది. అలా అడగడం మర్యాద తప్పడమా? నాకైతే అలా అనిపించదు. ల్యూకా, కోల్ మెర్సెన్‌ను అవమానించలేదు, లెక్క వేసి చూశారు. 31, 127 రెండ్ల విషయంలో ఆయన మాట నిజమే. అదీ ఇతరులు లెక్క వేశాకే తేలింది.