అవసాదము - అనవసాదము

మానవుని మనస్సు ఒక్కొక్కవేళ కారణము తోచకయే మసకబారుచుండును. భగవన్నామము నోట పలుకుచున్నను హృదయమున కందదు. దీపము వెలుగుచున్నను ఇల్లు చీకటిగా తోచును. దీనినే పూర్వాచార్యులు 'అవసాద'మని వ్యవహరించిరి.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున వాక్యకారుని మతము ననుసరించి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అను 7 సాధనములను ధ్యానసిద్ధికి చెప్పియున్నారు. అందు అవసాదమునకు రెండు కారణములు చూపబడినవి. దేశకాలముల వైగుణ్య మొకటి. శోకకారణములను స్మరించుచుండుట రెండవది. వీనివలని దైన్యముచే మనస్సు ప్రకాశమును కోల్పోవుటయే అవసాదము.

దేశకాలవైగుణ్యమన నేమో కడప సీమవారికి వేరుగ చెప్పనక్కరలేదు. వాన తప్పిన యేట పులివెందుల చేలగట్టున గాని, వేసవిలో ఇసుకయే మిగిలిన ప్రొద్దుటూరు పెన్నయొడ్డున గాని నిలిచినవాని మనస్సు వాడిపోవుట సహజము. జమ్మలమడుగునకు సమీపమున గండికోటలో మాధవరాయస్వామి ఆలయము కలదు. గోపురమున్నది, శిల్పములున్నవి, గర్భాలయమున మూర్తి లేదు, నిత్యారాధన లేదు. అచ్చట నడుగిడిన భక్తునకు గుండె బరువెక్కును. ఆ బరువును భక్తిలోపమని యెంచరాదు; అది ఆ చోటి శూన్యత మనస్సుపై వ్రాల్చిన నీడ. ఆతడే జమ్మలమడుగున నారాపుర వేంకటేశ్వరస్వామి సన్నిధికి వచ్చి, ఘంటానాదము విని, తులసీతీర్థము గ్రహించినంతనే తేరుకొనును. నీడ వచ్చిపోవునది, జీవుని స్వరూపము జ్ఞానానందమయము.

సుందరకాండమున హనుమంతుడు లంక యంతయు వెదకియు సీతమ్మను కానక ప్రాణత్యాగమునకైన తలపడెను. అయినను, బ్రతికియున్నవాడే శుభమును చూడగలడని నిశ్చయించుకొని, అంతవరకు వెదకని అశోకవనమువైపు చూపు సారించెను. దుఃఖము తీరిన పిమ్మట ఆయన లేవలేదు. లేచిన పిమ్మటనే తల్లి దర్శనమైనది.

కావున దేశకాలవైగుణ్యమునకు పరిహారము స్థలము మార్చుట, సత్సాంగత్యము. శోకస్మరణమునకు పరిహారము భగవద్గుణస్మరణము. బలవంతపు వేడుక విరుగుడు కాజాలదు. అతిసంతోషమును సైతము విడువవలెననియే గదా అనుద్ధర్షమును చేర్చిరి!

వారములు గడచినను దిగులు వీడక, నిద్రాహారములు చెడి, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినచో అది వ్యాధి కావచ్చును. అట్టివారిని పాపఫలమని నిందింపక వైద్యుని చెంతకు గొనిపోవలెను. భగవంతుని నమ్మినవాడు ఔషధమును కాదనడు. ఇంట నొకరు మౌనముగ కుమిలిపోవుచున్నప్పుడు వారి ప్రక్కన కూర్చుండి, చెప్పినది వినుటయు కైంకర్యమే. శ్రీనివాసుడు ఎల్లర మనస్సులను ప్రకాశింపజేయుగాక!