మీటరు ఎవరి ముఖానికి?

షూటింగు చూడ్డానికి వెళ్ళినవాళ్ళంతా హీరోయిన్ని చూస్తారు. నా కన్ను మాత్రం కెమెరామాన్ చేతిలో ఉండే ఒక చిన్న పరికరం మీదే ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఒక కొసన పింగ్‌పాంగ్ బంతిని సగానికి కోసి అతికించినట్టు తెల్లటి బుడిపె. లైట్ మీటరంటారు దాన్ని. నటుడి గడ్డం దగ్గర పెట్టి, ముల్లు ఎక్కడ నిలబడిందో చూసి, "ఎలెవెన్" అనో "ఫైవ్ సిక్స్" అనో ఆయన ఒక అంకె చెబుతాడు. అసిస్టెంటు లెన్స్ మీది రింగు ఆ అంకెకి తిప్పుతాడు. అరనిమిషం పని. ఇప్పుడు డిజిటల్ కెమెరాలొచ్చాక మీటరు బదులు మానిటర్ మీద గీతలు చూసుకునేవాళ్ళే ఎక్కువయ్యారు గాని, అంకె చెప్పకా తప్పదు, రింగు తిప్పకా తప్పదు.

ఆ అరనిమిషంలో ఒక తీర్పు జరిగిపోతుందని నా అభిప్రాయం. నవ్వకండి, చెబుతాను.

మన కంటికున్న ఓర్పు ఫిల్ముకి లేదు. మిట్టమధ్యాహ్నం వేపచెట్టు కింద ఒక ముసలాయన కూర్చున్నాడనుకోండి. నీడలో ఆయన ముఖం మీది ముడతలూ మనకి కనబడతాయి, వెనకాల ఎండలో మండిపోతున్న గుట్టా కనబడుతుంది, గుట్ట మీది ఆకాశమూ కనబడుతుంది. కెమెరాకి అంత పెద్ద మనసు లేదు. నీడలో ఉన్న ముఖానికీ ఎండలో ఉన్న నేలకీ వెలుతురులో పదహారు రెట్లో, ముప్పయిరెండు రెట్లో తేడా ఉంటుంది. వాళ్ళ భాషలో నాలుగు స్టాపులు, ఐదు స్టాపులు. ముఖానికి సరిపోయేట్టు రింగు తిప్పితే ఆకాశం కాగితంలా తెల్లబడిపోతుంది. ఆకాశానికి సరిపోయేట్టు తిప్పితే ముఖం మసిబొగ్గు. రెంటిలో ఒకటి పోవాలి. ఏది పోవాలో చెప్పేవాడు కెమెరామాన్. స్క్రిప్టులో ఆ సంగతి రాసి ఉండదు. రచయితకి తెలియదు, నిర్మాతకి అక్కర్లేదు, దర్శకుడు ఆ సమయానికి నటుడితో ఏదో మాట్లాడుతూ ఉంటాడు.

స్టూడియోలో ఈ బాధ లేదు. అక్కడ సూర్యుడూ చంద్రుడూ జీతగాళ్ళే, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతారు. "మాయాబజార్" (1957) లో వెన్నెల చూసి మూడు తరాల వాళ్ళు మురిసిపోయారు. ఆ వెన్నెల ఆకాశం ఇచ్చింది కాదు, మార్కస్ బార్ట్లీ వండి వడ్డించింది. తమాషా ఏమంటే, ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. అనంతపురం జిల్లా ఎండల్లో పుట్టిన మనిషి తెలుగువాళ్ళకి అంత చల్లటి వెన్నెల చూపించాడు. పగలంతా మాడినవాడికే వెన్నెల రుచి తెలుస్తుందేమో! సరే, అది వేరే కథ.

మన కథ ఎండ గురించి. అనంతపురం పీఠభూమి మీదికి నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గర బరువు దించుకుని ఖాళీ చేతులతో వస్తాయి. ఈశాన్యపు మేఘాలకి అది సముద్రానికి దూరం. ఏడాది మొత్తానికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్ నెలాఖర్లో ఒకసారీ, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో ఒకసారీ అక్కడ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నడినెత్తి ఎండ కెమెరామాన్‌కి పగవాడు. కనుబొమల కింద గుంటలు పడి కళ్ళు మాయమవుతాయి, ముక్కు కింద నీడ మీసంలా వేలాడుతుంది. పైగా అక్కడి రైతు తలకి రుమాలు చుట్టుకుని ఉంటాడు గనక ముఖంలో సగం ముందే చీకటి. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు పొద్దున తొమ్మిదిలోపూ, సాయంత్రం నాలుగు దాటాకా తీసుకుని, నడుమ భోజనాలు పెట్టేస్తారు. ఇదీ ఒక తీర్పే, గమనించారా? అసలు రైతు మధ్యాహ్నం కష్టపడతాడు. సినిమా రైతు సాయంత్రం బంగారు ఎండలో కష్టపడతాడు.

కొన్నేళ్ళ కిందట కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో కరువు మీద తీస్తున్న సినిమా షూటింగు చూశాను. పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు, అది విడుదల కాలేదు. యూనిట్ దిగింది సెప్టెంబరులో. దిగగానే అందరి ముఖాలూ వాడిపోయాయి. ఊరి చుట్టూ శనక్కాయ చేలు పచ్చగా ఉన్నాయి. "ఇదేం కరువయ్యా, కోనసీమలా ఉంది!" అన్నాడు మేనేజరు. వెతగ్గా వెతగ్గా ఊరి చెరువు కనబడింది. అడుగు బురద ఎండి నెర్రెలిచ్చి, పలకలు పలకలుగా ఉంది. ప్రాణం లేచి వచ్చింది వాళ్ళకి. ఒక ముసలాయన్ని తీసుకొచ్చి ఆ నెర్రెల నడుమ గొంతుకూర్చోబెట్టి, ఆకాశంకేసి చూడమన్నారు. క్రేన్ మీద కెమెరా పైకి లేచింది. మీటరు ఆకాశానికి పట్టారు. నీలం రంగు దట్టంగా రావాలి మరి. ముసలాయన ముఖం ఎలాగూ పైనించి కనబడదు, రుమాలే కనబడుతుంది.

నా పక్కన నిలబడి చూస్తున్న ఒక రైతు ఉండబట్టలేక అన్నాడు: "చెర్లో నడిమిట్ల యెవురన్నా కూసుంటారా సార్? ఏం పని ఈడ? కూసుంటే కాలిపోతాది."

నాకు మరి చూడబుద్ధి కాలేదు. ఆయనతో కలిసి చేలవైపు నడిచాను. ఆయన తన చేలో ఒక మొక్క పట్టి పీకి నా చేతికిచ్చాడు. పైన ఆకు నిగనిగలాడుతోంది. కింద కాయల్లేవు. దారప్పోగుల్లా నాలుగు ఊడలు, వాటి కొసన ఏమీ లేదు.

అనంతపురం కరువంటే చాలాసార్లు ఇదే. జూన్‌లోనో జూలైలోనో నాలుగు చినుకులు పడతాయి, విత్తుతారు. మొక్క లేస్తుంది, పచ్చబడుతుంది, పూస్తుంది. నెలన్నరకి ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా అప్పుడు వాన ముఖం చాటేస్తుంది. నేల గట్టిపడి ఊడ దిగదు, దిగినా ఊరదు. పైన మాత్రం పచ్చగానే ఉంటుంది. బస్సులో వెళ్ళేవాడు చూసి పంట బాగుందనుకుంటాడు. విత్తనానికి తెచ్చిన అప్పూ, ఎరువుకి తెచ్చిన అప్పూ ఆ పచ్చదనం కిందే ఉంటాయి. చేతికొచ్చేది పశువులకి వేసే కట్టె. ఇంకో సంగతి: ఆ జిల్లాలో ఎక్కువభాగం గరుకైన ఎర్రనేల. నల్లరేగడి నెర్రెలిచ్చినట్టు ఎర్రనేల ఇవ్వదు. కనక నెర్రెల బొమ్మ చూసి "అయ్యో అనంతపురం కరువు" అని మనం నిట్టూరుస్తామే, అది చాలావరకు ఎండిన చెరువు బొమ్మ. చేను బొమ్మ కాదు.

కరువుని ఇలా కూర్చోబెట్టి తీయడం నిన్నామొన్నా మొదలైంది కాదు. 1876–78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. అప్పటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలోనే ఉంది, విడిపోయింది 1882లో. బళ్ళారి జిల్లాలో జనం దారుణంగా చచ్చిపోయారు. ఆ రోజుల్లో విలబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి కరువు బాధితుల్ని ఫోటోలు తీశాడు. ఆనాటి గాజుపలకల ఫోటోకి క్షణాల తరబడి కదలకుండా ఉండాలి. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీశాడు. బొమ్మలు తీసుకుని తిండైనా పెట్టకుండా పంపేశాడని ఆయన మీద అపవాదు మిగిలిపోయింది. అదే మనిషి 1886లో మాండలేలో మరణశిక్ష పడినవాళ్ళని కాల్చే క్షణాన్ని కెమెరాతో పట్టుకోబోతే లండన్ దాకా గోల లేచి, విచారణ జరిగింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ ఫోటోలే లేకపోతే ధాత కరువులో పోయినవాళ్ళు మనకి ఉట్టి అంకెలుగా మిగిలేవారు. ఆ ముఖాలు మనకి దక్కాయి. దక్కించినవాడి చేతులు మాత్రం శుభ్రంగా లేవు. నాకు ఈ రెండు మాటలూ ఒకేసారి నిజంగా తోస్తాయి, ఒకదానితో ఒకటి కొట్టేసుకోవు.

మరి అందంగా తీయడం తప్పా? ఇది తేలిగ్గా తేలే ప్రశ్న కాదు. సత్యజిత్ రాయ్ 1943 నాటి బెంగాల్ కరువు మీద "అశనిసంకేత్" (1973) తీసినప్పుడు చాలామంది విరుచుకుపడ్డారు. రంగుల్లో తీశాడు, పొలాలు పచ్చగా ఉన్నాయి, సీతాకోకచిలకలు ఎగురుతున్నాయి, కరువంటే ఇలా ఉంటుందా అన్నారు. సౌమేందు రాయ్ ఛాయాగ్రహణం అంత ముచ్చటగా ఉండటమే నేరమైంది. నేను మాత్రం రాయ్ పక్షమే. ఆ కరువు వాన తెచ్చింది కాదు, యుద్ధమూ వ్యాపారమూ సర్కారూ కలిసి తెచ్చినది. పొలం పచ్చగానే ఉంది, మనిషే చచ్చాడు. ఆ పచ్చదనాన్ని తుడిచేస్తే నేరస్థుడు తప్పించుకుపోతాడు, నింద ఆకాశం మీద పడుతుంది.

తుడిచేయడం ఎంత సులువో! బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే చాలు, నీలాకాశం నల్లబడి భయపెట్టేది, ఎర్రనేల బూడిదలా పాలిపోయేది. ఇప్పుడు అదీ అక్కర్లేదు. సినిమా అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆకుపచ్చని కాస్త కిందికి, పసుపుని కాస్త పైకి జరిపితే శనక్కాయ చేను ఎడారైపోతుంది. ప్రేక్షకుడు గుర్తుపడతాడు: ఓహో, కరువు. గుర్తుపట్టగానే చూడటం మానేస్తాడు. తెలిసిన బొమ్మని ఎవరు పరిశీలనగా చూస్తారు చెప్పండి?

మృణాల్ సేన్ ఈ చిక్కునే కథగా చేసి "అకాలేర్ సంధానే" (1980) తీశాడు. 1943 కరువు మీద సినిమా తీద్దామని ఒక యూనిట్ పల్లెకి వెళుతుంది. వాళ్ళు కరువు ఫోటోలు ముందేసుకుని ఇది ఏ ఏటిదో చెప్పుకోండి చూద్దామని ఆడుకుంటారు. అన్నీ ఒకేలా ఉంటాయి. ఈలోపు యూనిట్ భోజనాల కోసం సంతలో సరుకంతా కొనేస్తుంటే ఊళ్ళో ధరలు పెరుగుతాయి. ఇంతకన్నా చేదు హాస్యం నేను చూడలేదు. దానికి కెమెరా పట్టిన కె.కె.మహాజనే అంతకుముందు సేన్ తెలుగులో తీసిన "ఒక ఊరి కథ" (1977) కీ పట్టాడు.

కెమెరాకి సొంత అభిప్రాయాలు లేవని అంటారు. ఉన్నాయి. కెమెరాలో అమర్చిన మీటరు లోకమంతా ఒక మధ్యస్థపు బూడిదరంగనీ, తన మీద పడ్డ వెలుగులో నూటికి 18 పాళ్ళు వెనక్కి పంపుతుందనీ నమ్మి లెక్క కడుతుంది. ఎండకి తళతళలాడే నేల ముందు నల్లటి ముఖం నిలబడితే, అది నేలని చూసి లెక్క కట్టి ముఖాన్ని చీకట్లో పారేస్తుంది. రంగుల ఫిల్ము కడిగే చోట దశాబ్దాల పాటు వర్ణాలు సరిచూసుకోడానికి వాడిన కోడక్ కార్డు మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి బొమ్మ. కాబట్టి మన రైతు ముఖం తెర మీద ముఖంలా కనబడాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకుని యంత్రం మాట కాదనాలి.

దానికి పెద్ద హంగులూ అక్కర్లేదు. "అపరాజితో" (1956) లో కాశీ ఇంటి సెట్ కోసం సుబ్రత మిత్ర ఒక తెల్లగుడ్డ కట్టి, దీపాల వెలుగు దాని మీద కొట్టించి, తిరిగొచ్చిన మెత్తటి వెలుగులో తీశాడు. నటులు ఆరుబయలు ముంగిట్లో ఉన్నారనే అనుకున్నాం మనం. అనంతపురంలో ఆ గుడ్డ ప్రతి ఇంటి దండెం మీదా ఉంటుంది. పంచె. ఇద్దరు పట్టుకుని ఎండకి ఎదురుగా చాపితే చాలు, రుమాలు నీడలో దాక్కున్న కళ్ళు బయటికొస్తాయి. వెండి రేకు బోర్డులు పెడితే కళ్ళు చిట్లించుకుంటారు గాని పంచె వెలుగుకి ఎవరూ చిట్లించుకోరు.

ఆ రైతు పీకిన మొక్కని నేనైతే ఎలా తీయమంటానో ఎన్నోసార్లు ఊహించుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి, సూర్యుడు ఆయన వెనక పక్కన ఉండగా. దూరాన్నించి పెద్ద లెన్స్‌తో దొంగచాటుగా లాగడం కాదు, దగ్గరికెళ్ళి, ఆయనకి తెలిసేట్టుగా, మామూలు లెన్స్‌తో. ఆయన మొక్క పీకి, మన్ను దులిపి, ముఖమంత ఎత్తుకి పట్టుకుంటాడు. వెనకనించి పడే ఎండకి ఊడలు వెంట్రుకల్లా మెరుస్తాయి, కాయల్లేవని అప్పుడే తెలుస్తుంది. ఆకు పచ్చదనం ముట్టుకోవద్దు. ముఖం మీదికి పంచె వెలుగు. మీటరు ఆయన బుగ్గ దగ్గర. ఆ అంకెకి ఆకాశం తెల్లగా పాలిపోతుంది. పోనివ్వండి. అందులో మబ్బు తునకైనా లేదు.